మెదకులో మూడు దినములు

మెదకు పట్టణమును చూడవలెనని నాకు చిరకాలముగా కోరిక యుండెను. అచ్చటి పెద్ద చర్చి యొక కారణము. మా పెద్దమ్మ కొమార్తె ఆ యూరి కోడలగుట రెండవ కారణము. నిజము చెప్పవలెనన్న రెండవదియే మొదటిది. రెండేండ్ల క్రిందట మా బావగారు మోటారు సైకిలు మీదనుండి పడిరి. తలకు పెద్ద దెబ్బ తగిలెను. హైదరాబాదులో ఆసుపత్రియందు వారిని చూచి వచ్చితినే గాని, ఇల్లు చేరిన పిమ్మట వారి సంసారమెట్లు సాగుచున్నదో నేనెరుగను. ఫోనులో అడిగినప్పుడెల్ల అక్క "అంతయు బాగే" అనుచుండెను. ఆడువారు "అంతయు బాగే" అనుటలో ఎన్ని అర్థములుండునో సోదరీమణులకు నేను విప్పి చెప్పనక్కరలేదు.

క్రిస్మసు పండుగకు ముందువారము, చలి ముదురుచున్న దినములలో, హైదరాబాదునుండి రైలులో బయలుదేరితిని. మెదకునకు రైలు వచ్చుట క్రొత్త ముచ్చట. నిజామాబాదు పోవు దారిలోని అక్కన్నపేటనుండి పదునేడు కిలోమీటర్ల పట్టాలు పరచి 2022 సెప్టెంబరులో బండి నడిపిరి. అంతకుముందు ఆ యూరివారికి బస్సులే గతి. దారి పొడుగునను కోతలైన వరిమళ్లు, వానిలో కొంగలు, నడుమ నడుమ నల్లని బండరాళ్ల గుట్టలు. మాసాయిపేట వచ్చినప్పుడు నా యెదుట కూర్చున్న ముసలామె మాట చాలించి కిటికీవైపు తిరిగి చేతులు జోడించెను. 2014 జూలై 24వ తేదీ ఉదయమున కాపలా లేని గేటు దాటుచున్న బడిపిల్లల బస్సును రైలు కొట్టినది ఆ చోటనే. ఆ దారిని పోవువారు ఇప్పటికిని ఆ పసివాండ్రను తలచుకొందురు. ప్రమాదములలో పోయినవారిని లోకము లెక్కపెట్టును, దుఃఖించును. తలకు దెబ్బ తగిలి బ్రతికి ఇల్లు చేరినవారి సంగతి ఇంటివారికి తప్ప మరి యెవ్వరికిని తెలియదు. నేను పోవుచున్నది అట్టి యింటికే యని అప్పటికి నాకు సరిగా తోచలేదు.

మెదకు పేరు పూర్వము మెతుకు అని చెప్పుదురు. అన్నపు మెతుకు. కొండమీది కోటను మెతుకుదుర్గమనిరి. చుట్టునున్న దేశమును నేటికిని మెతుకుసీమ యనుటయే వాడుక. పేరుకు జిల్లా మెదకే యైనను అధికారుల కచేరీలన్నియు సంగారెడ్డిలో నుండెడివి. 2016లో జిల్లాలను విడదీసిన పిమ్మటనే ఈ పట్టణము తన పేరిటి జిల్లాకు తాను ముఖ్యపట్టణమైనది. ఇప్పటికిని ఊరు పెద్దది గాదు. చర్చి గోపురము ఏ వీధినుండి చూచినను ఎక్కడో యొకచోట తొంగిచూచుచుండును.

స్టేషనుకు బావగారే వచ్చిరి. మనిషి మునుపటివలెనే యున్నారు. అదే నడక, అదే చక్కగా దువ్విన క్రాపు. నొసటిమీద మాత్రము వెండ్రుకలలోనికి పోవు సన్నని మచ్చ. దారిలో ధరలు, వానలు, బడిలో తాము చెప్పు లెక్కలు, అన్నియు మాటాడిరి. నా మనసు కుదుటపడినది. ఇల్లు చేరి, అక్కకు తెచ్చిన చీర పెట్టెలోనుండి తీసి యిచ్చితిని. అక్క "ఎంత బాగున్నదే!" అని భుజముమీద వేసికొన్నది. బావగారు తేరిపార చూచి, "ఈ రంగు మీ అక్కకు నచ్చదు. ఇట్టిది పోయినయేడు ఎవరో పెట్టగా పనిమనిషికి ఇచ్చివేసినది" అనిరి. కోపము లేదు, వేళాకోళము లేదు. ఇవాళ శనివారము అన్నట్లుగా అనిరి. అక్క ముఖము తెల్లబోయినది. పదేండ్ల మా అమ్మడు మాత్రము పుస్తకమునుండి తలయెత్తి, "నాన్నా, అది చెప్పకూడని మాట" అనెను. "అట్లనా?" అని వారు నావైపు తిరిగి, "తప్పైనది, అమ్మాయీ" అనిరి. నాకు నవ్వవలెనో ఏడవవలెనో తెలియలేదు.

ఆ రాత్రి గిన్నెలు సర్దుకొనిన పిమ్మట అక్క వంటయింటి గడపమీద కూర్చుండి నాతో చెప్పినది.

ప్రమాదమైన మూడవ నెలకే వారు నడిచిరి, మాటాడిరి, లెక్కలు చేసిరి. ఎక్కములు ఇరువదివరకు అప్పగించిరట. చూడవచ్చిన వారందరు దేవుని దయ యనిరి. తరువాత ఆరునెలలకు మా పెద్దమ్మ కాలము చేసెను. తెల్లవారుజామున ఫోను వచ్చినది. అక్క నేలమీద కూలబడినది. బావగారు ప్రక్కన నిలువబడి కొంతసేపు చూచి, "అట్లయిన ఈ పూట వంట ఎవరు చేయుదురు? తొమ్మిదింటికి బడికి పోవలెను గదా" అనిరట.

"నా అడుగుల చప్పుడు విని నాకు తలనొప్పి వచ్చినదని చెప్పగలిగిన మనిషి చెల్లీ! నోరు తెరచి ఎన్నడైనను ఒక్కటి అడిగియుంటినా? ఆ ఉదయమున అమ్మ యొక్కతెయే పోలేదనుకొంటిని" అని అక్క కొంగుతో కండ్లు తుడుచుకొన్నది. వారికి తనమీద ప్రేమ చచ్చినదని, ప్రాణగండము దాటినవారికి బుద్ధి కఠినమైనదని ఆమె ఏడాదిపాటు నమ్మెను. అత్తగారితో మొరపెట్టుకొనగా ఆ పెద్దామె "మగవాడు అంతే కదమ్మా" అని కొట్టివేసినదట.

ఈ మాట నన్ను ఆ రాత్రి నిద్రపోనీయలేదు. భర్త భార్య మనసు కనిపెట్టకుండుట మన యిండ్లలో రోగముగా ఎవరికిని తోచదు. అది మగవారి సహజలక్షణముగా చెల్లిపోవును. ఆ దెబ్బయే అక్కకు తగిలి, అత్తగారు మూల్గుచుండగా "వంటెవరు చేయుదురు" అని ఆమె అడిగియుండిన, మరునాడే పదిమంది కూడి వైద్యుని పిలిచియుందురు. లేకున్న పుట్టింటికి పంపియుందురు.

తుదకు దీనిని కనిపెట్టినది ఇంటివారు కారు, బడి ప్రధానోపాధ్యాయులు. ఒక పేదపిల్లవాని చొక్కా చిరిగియుండుట చూచి, బావగారు తరగతియందరి యెదుట అది ఎన్నిచోట్ల చిరిగినదో లెక్కపెట్టి చెప్పిరట. పిల్లవాడు ఏడ్చుచు వెడలిపోయెను. అదే పిల్లవానికి మునుపు రహస్యముగా పుస్తకములు కొనిపెట్టినది ఈ పంతులుగారే యని ప్రధానోపాధ్యాయులెరుగుదురు. ఆయన అక్కను పిలిపించి, "ఇది మనిషి మారుట కాదమ్మా, దెబ్బలో ఏదో మిగిలినది. మరల వైద్యునికి చూపుడు" అనిరి.

హైదరాబాదులో నరముల వైద్యుడును, ఆయనతో పనిచేయు మనస్తత్త్వ శాస్త్రజ్ఞురాలును రెండు దినములు పరీక్షించిరి. ఆమె అక్కను వేరుగా కూర్చుండబెట్టి చెప్పిన సంగతులు అక్క నాకు చెప్పెను. ఇల్లు చేరిన తరువాత నేను చదివి తెలిసికొన్నవి కొన్ని చేర్చి వ్రాయుచున్నాను.

ఎదుటివాని తలలో నున్నది మన తలలో నున్నదానికంటె వేరని తెలిసికొనుట మనకు పుట్టుకతోనే రాదు. ఆస్ట్రియా దేశమున విమ్మర్, పెర్నర్ అను ఇద్దరు 1983లో పసిపిల్లలకు ఒక కథ చెప్పి చూచిరి. ఒక బాలుడు తన చాకొలెట్టును ఒక బీరువాలో దాచి ఆడుకొనబోవును. వాడు లేనప్పుడు తల్లి దానిని మరియొక బీరువాలో పెట్టును. వాడు వచ్చి ఎక్కడ వెదకును? మూడేండ్ల పిల్లలు సాధారణముగా రెండవ బీరువా చూపుదురు. తమకు తెలిసినది వానికిని తెలియుననుకొందురు. నాలుగైదేండ్లు వచ్చునప్పటికి, పాపము వానికి తెలియదు గదా యని మొదటి బీరువానే చూపుదురు. ఈ తెలివికి మెదడులో నెలవులున్నవి. నొసటి వెనుకనున్న భాగము ఒకటి. చెవికి కొంచెము పైగా, వెనుకగా నున్న భాగము మరియొకటి. మనిషి తల నేలకు కొట్టుకొనునప్పుడు మెదడు పుర్రెలో ముందు వెనుకలకు ఊగును. నొసటి క్రింద పుర్రె లోపలి అడుగు నున్నగా నుండదు, ఎముక అంచులతో గరుకుగా నుండును. కాబట్టి ముందుభాగపు అడుగుననే గాయము విశేషముగా తగులును. మాట, నడక, లెక్క వేరుచోట్లనుండి నడుచును గావున అవి చెడకుండవచ్చును. అందువలననే చూచువారు బాగైనదనుకొందురు.

చాకొలెట్టు కథవంటిది చెప్పగా బావగారు తడుముకొనక సరిగా చెప్పిరట. తరువాత ఆమె మరియొకటి చెప్పినది. ఒకామె క్రొత్తయింటి గృహప్రవేశమునకు పోయి, గోడ చూచి, "అబ్బ, ఈ రంగు ఎవరు ఎంచిరో గాని కండ్లు నొచ్చుచున్నవి" అనినది. ఎంచినది ఆ గృహిణియే. ఇందులో ఎవరైన అనగూడని మాట అనిరా? "లేదు. రంగు బాగుండకున్న బాగులేదనుటలో తప్పేమి?" అని బావగారి జవాబు. స్టోన్ అను నామెయు మరి యిద్దరును 1998లో అమెరికాలో నొసటి అడుగుభాగము దెబ్బతిన్నవారిని పరీక్షించినప్పుడు కనబడినది సరిగా ఇదియే. ఎవనికేమి తెలియునో చెప్పగలుగుదురు, కాని ఆ మాట వినిన యామె మనసు ఎట్లు చివుక్కుమనునో వారికి అందదు. చీర సంగతి నాకప్పుడు బోధపడెను.

అక్కను నిలబెట్టిన మాట వేరొకటి యున్నది. ఇతరుల మనసు ఎరుగుట వేరు, ఇతరుల దుఃఖమునకు మన గుండె కరగుట వేరు. ఇవి రెండును మెదడులో వేరు వేరు త్రోవలని ఇస్రాయేలు దేశపు షామయ్-త్సూరి అను శాస్త్రజ్ఞురాలు 2009లో గాయపడినవారిని పరిశీలించి వెల్లడించెను. ఒకటి చెడి రెండవది నిలువవచ్చును. "మీవారికి జాలి పోలేదమ్మా, జాలిపడవలసిన వేళ ఇదియని తెలుపు గంట మ్రోగుటలేదు. గంట మీరు కొట్టుడు" అని ఆమె అక్కతో అనినదట.

ఇట్టివారిలో జగద్విఖ్యాతుడు అమెరికా దేశపు ఫినియాస్ గేజ్. 1848లో రైలుదారికై బండలు పేల్చుచుండగా మూడడుగులకు మించిన ఇనుపకడ్డి ఆతని చెంప క్రిందుగా దూరి నడినెత్తిన వెడలినది. బ్రతికెను గాని మునుపటి గేజ్ కాడని స్నేహితులనిరి. ఆతడు తరువాత చిలీ దేశమున కొన్నేండ్లు గుఱ్ఱపుబండ్లు నడిపి జీవించెను. అందుచేత ఆతడు చాలవరకు కుదుటపడియుండునని ఈ కాలపు పరిశోధకులు కొందరందురు. గేజ్ కథ చెప్పువారు సాధారణముగా ఈ భాగము చెప్పరు. అక్కకు నేను చెప్పితిని.

దెబ్బలేకుండనే, వ్యాధిచేత నొసటిభాగము క్షీణించి ఇట్లే పరుల మనసు తెలియకపోవుట కలదు. ఇది నడివయసువారికిని వచ్చును. మన నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో అల్లాడి సువర్ణగారును వారి తోడివారును ఇట్టి రోగులను ఏండ్లతరబడి పరిశీలించి, రెండు భాషలు మాటాడువారికి, నడతను చెరచు ఈ రకపు వ్యాధి ఒక్క భాషవారికంటె కొన్నేండ్లు ఆలస్యముగా పొడచూపుచున్నదని 2017లో ప్రకటించిరి. తెలుగు, ఉరుదు కలగలుపుగా వినబడు మెదకు బజారులో నడుచుచు నేనీ సంగతి తలచుకొంటిని.

రెండవనాడు చర్చి చూడబోయితిమి. ఛార్లెస్ వాకర్ పాస్నెట్ అను ఆంగ్లేయ మతబోధకుడు 1914లో పని మొదలిడి పదేండ్లు కట్టించెను. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగినది. కరవు దినములలో పని కల్పించి వేలమందికి అన్నము పెట్టెనని ఇప్పటికిని చెప్పుకొందురు. మెతుకుసీమకు తగిన కథయే. నిడివి 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గోపురము సుమారు 173 అడుగులు. ఈ కొలతలన్నియు బావగారే చెప్పిరి. నేలమీది రంగుల పలకలు ఇంగ్లాండునుండి ఓడలో వచ్చుట మొదలు సమస్తము చెప్పిరి. పండుగ దగ్గరపడినందున జనము క్రిక్కిరిసి యుండిరి. వెలుపలనుండి చూచినప్పుడు ఆ కిటికీలు నల్లగా, మసిపట్టిన పలకలవలె నుండెను. లోపల అడుగుపెట్టి తల యెత్తగానే నా నోట మాట రాలేదు. ఫ్రాంక్ సాలిస్‌బరీ అను చిత్రకారుడు కల్పించిన క్రీస్తు జననము, శిలువ, స్వర్గారోహణము మూడును ఎరుపులై నీలములై వెలుగుచున్నవి. రాత్రి అవి కానరావు; పగటి వెలుతురు వెలుపలనుండి పడవలెను, చూచువారు లోపల నుండవలెను.

బావగారు ఒక స్తంభమునుండి మరియొక స్తంభమునకు పోవుచు చెప్పుచునే యుండిరి. గంట దాటినది. అక్క చీలమండకు వాపు. ఒక కాలిమీద బరువు మార్చి మార్చి నిలుచుచున్నది, ముఖము ముడుచుచున్నది. వారు రెండుసార్లు ఆమె ముఖముకేసి చూచియే మాటాడిరి. నాకు ఒళ్లు మండినది. ఏదో అనబోవుచుండగా అక్క నా చేయి పట్టుకొని, "ఏమండీ, నా కాలు నొచ్చుచున్నది. నేను కూర్చుండవలెను. మంచినీళ్లు కావలెను" అని అంగడిలో సరుకులు చెప్పినట్లు చెప్పినది. వారు ఉలికిపడిరి. "అయ్యో!" అని చేయూతనిచ్చి బల్లమీద కూర్చుండబెట్టి, పరుగున పోయి నీళ్లు తెచ్చి, ఆ జనములో నేలమీద చతికిలబడి ఆమె పాదము ఒడిలో పెట్టుకొని ఒత్తసాగిరి. కండ్లలో నీరు తిరిగినది. "ముందే చెప్పరాదా?" అనిరి. నా కోపము ఎక్కడికి పోయెనో!

అన్నమంతయు పట్టి చూడనక్కరలేదు, ఒక్క మెతుకు చాలునని మనము వంటయింట నేర్చికొన్న సామెత. చీరనాటి మెతుకు పట్టి చూచి నేను ఆ మనిషిని తేల్చివేసియుంటిని.

అట్లని అంతయు చక్కబడినదని వ్రాసిన అబద్ధమగును. ఇంటికి తిరిగి వచ్చుచు అక్క అనినది: "అడిగిన చేయుదురు చెల్లీ, కాదనరు. కాని అడుగుటకు ఎంత ఓపిక కావలెనో నీకు తెలియదు. జ్వరమున పడియుండి 'నాకు జ్వరము, నుదుట చేయి వేయుడు' అని చెప్పవలెను. ఆ చేయి చల్లగానే యుండును. కాని నేను చెప్పకయే తెలిసికొను మనిషి యొకడు ఈ లోకమున నాకుండెను." నేను బదులు చెప్పలేకపోతిని.

మన పెంపకమంతయు చెప్పకపోవుటమీదనే గదా నడుచును! ఆకలియైనను "ఇప్పుడే తినివచ్చితిమి" అందుము. వడ్డించువారు అది విననట్లు వడ్డింపవలెను. మూతి ముడుపు, గాజుల చప్పుడు, గిన్నె దించు తీరు ఇవియే మన భాష. ఆ భాష మరచిన మనిషితో కాపురము చేయుటకు అక్క నలుబదవ యేట క్రొత్తభాష నేర్చుచున్నది. పిల్లలకది సులభము. ఆ సాయంకాలము అమ్మడు బడిలో స్నేహితురాలితో పోట్లాడి వచ్చి, నేరుగా తండ్రి యెదుట నిలిచి, "నాన్నా, నాకిప్పుడు దుఃఖముగా ఉన్నది. ఏమీ అడుగవద్దు, దగ్గరకు తీసికో" అనెను. ఆయన లెక్కలకాగితములు ప్రక్కకు నెట్టి దానిని దగ్గరకు తీసికొనిరి, ఏమియు అడుగలేదు.

మూడవనాడు కోట యెక్కితిమి. కాకతీయులనాటి దుర్గము; సింహద్వారము, గజద్వారము దాటి పైకి పోయిన కుతుబ్‌షాహీల మసీదొకటి, పాత ఫిరంగి యొకటి ఉన్నవి. పైనుండి చూడగా చెరువులు, వరిమళ్లు, నడుమ తెల్లని గోపురము. మంజీర ఏడుపాయలుగా చీలిన చోట దుర్గాభవానిని దర్శింపవలెనని యుండెను గాని వేళ చాలలేదు.

స్టేషనుకు బావగారు నా పెట్టె మోసికొని వచ్చిరి. బోగీలో పెట్టి క్రిందకు దిగి, "ఇంక నేను పోవచ్చునా?" అని అడిగిరి. నేను అలవాటు చొప్పున, "పరవాలేదు బావగారూ, మీకెందుకు శ్రమ, మీరు వెళ్లుడు" అంటిని. వారు తలయూచి వెనుదిరిగి పోవనారంభించిరి. ఒక్కసారియైనను తిరిగి చూడలేదు. బండి కదలుటకు ఇంకను పదినిమిషములున్నది. నాకు గొంతు పట్టినట్లైనది. మరుక్షణమే బుద్ధి వచ్చి, కిటికీలోనుండి బిగ్గరగా పిలిచితిని.

"బావగారూ! బండి కదలువరకు మీరిక్కడ నుండవలెనని నాకున్నది."

వారు గిరుక్కున తిరిగి, "అట్లనా! ఉందునమ్మాయీ" అని వడివడిగా వచ్చి కిటికీ దగ్గర నిలిచిరి. చర్చి గోపురము చార్మినారుకంటె ఎత్తుండరాదని నిజాం అధికారులు పట్టుపట్టిరన్న కథ చెప్పుచు, బండి కదలిన పిమ్మటను నాలుగడుగులు దానితో నడిచిరి.